వర్లీ కట్ట మీద పాత గాలం రీళ్ళు

మన పత్రికలో గుళ్ళ యాత్రల గురించి, సొంతూరికి పోయివచ్చిన సంగతుల గురించి చాలామంది రాస్తున్నారు. అన్నీ చదువుతాను. నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, దూరం యాత్రలు పెద్దగా చేసినవాణ్ణి కాదు. మా చాల్ నుండి పదిహేను నిమిషాల నడకలో వర్లీ సముద్రపు కట్ట ఉంది. అక్కడ గాలాలు వేసేవాళ్ళు, వాళ్ళ చేతుల్లో పాత రీళ్ళు, ఆ రీళ్ళను ఇంట్లో కూర్చుని బాగుచేసుకునే పని, ఇవి నాకు బాగా తెలుసు. వాటి గురించే రాస్తున్నాను.

షోలాపూర్, ఇచల్‌కరంజిలో ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నా, వర్లీ అంటే బొంబాయికి పడమటి ఒడ్డు. ఉత్తరం కొసన కోలీవాడ, దాని చివర పాత కోట. ఆ పక్కనుంచే 2009లో తెరిచిన సీ లింక్ వంతెన బాంద్రాకు పోతది. కట్ట పొడుగునా ఒక పక్క పెద్ద పెద్ద బంగళాలు, ఒక పక్క సముద్రం. మేముండేది లోపలి వైపు బీడీడీ చాళ్ళలో. ఇంగ్లీషువాళ్ళ కాలంలో 1920 తర్వాత కట్టినవి. ఒక్క వర్లీలోనే 121 బిల్డింగులు. ఒక్కో రూము 160 చదరపు అడుగులు. నడుమ పొడుగాటి నడవ, దానికి రెండు పక్కలా రూములు. మా బాపు కరీంనగర్ దిక్కు నుండి నాడె ఆడించిన చేతులతో వచ్చి మిల్లులో చేరిండు. నేను 1976లో బదిలీ కార్మికునిగా రింగ్ ఖాతాలో చేరిన. బాబిన్లు దించుడు, తెగిన దారం అతుకుడు, ఆ తర్వాత ఫిట్టర్ కింద సాయం పని. ఆ ఫిట్టర్ పనే తర్వాత రీళ్ళకు అక్కరకొచ్చింది.

గాలం మాకు సరదాగా అంటుకోలేదు. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ పిలుపు మీద సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది మిల్లుల బయట. మొదటి నెల చేతిలో ఉన్నదానితో గడిచింది. రెండో నెల కిరాణావాడు ఉద్దెర ఇచ్చిండు. ఆ తర్వాత కొందరు సొంతూళ్ళకు పోయిండ్రు, కొందరు భివండి పవర్‌లూముల్లోకి పోయిండ్రు. మాలాంటి కొందరం పొద్దున్నే కట్ట దిగి నల్లరాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. రీలు లేదు, కర్ర లేదు. ఖాళీ డబ్బాకు చుట్టిన తంగూసు దారం, సీసం ముక్క, గాలం, రొయ్య ఎర. చెయ్యి తిప్పి విసిరితే ఇరవై ముప్పై అడుగులు పోయేది. జెల్లలు పడేవి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ మంట సాయంత్రం దాకా ఉంటది, అయినా పులుసు పెడితే ఇంటిల్లిపాదికీ సరిపోయేది. పక్కన రాడ్డూ రీలూ ఉన్న గోవా ఆయన ఒకడు దూరంగా విసిరి రావస్ పట్టేవాడు. ముప్పై అడుగులకూ ఆయన దూరానికీ మధ్యన ఏముందో మా అందరికీ కనిపించేది. అది ఆ చేతిలోని రీలు.

మమ్మల్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నాక, 1985లో నేను మొదటి రీలు కొన్న. కొత్తది కాదు. చోర్ బజార్‌లో, మటన్ స్ట్రీట్ దగ్గర, శుక్రవారం నాడు. మిగతా రోజుల్లో తెరిచే దుకాణాలు శుక్రవారం మూసి ఉంటాయి, వాటి ముందర తెల్లవారకముందే రోడ్డు మీద గోనెపట్టాలు పరిచి భంగార్ సామాను పెడతారు. గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి కామాఠిపురా మీదుగా నడిచి పోయేవాణ్ణి. ఈ ఊరు కట్టిన మన కామాఠీ కూలీల పేరు మీదనే ఆ పేట పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్తే జనానికి ఇంకేదో గుర్తొస్తది. మనవాళ్ళు రాళ్ళు మోసిన సంగతి ఎవరికీ గుర్తు లేదు.

గోనెపట్టా మీద పాత రీలు కనిపిస్తే ఏం చూడాలో చెప్తాను, ఎందుకంటే ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఓడల మీద పనిచేసినవాళ్ళు తెచ్చినవి, గల్ఫ్ నుండి వచ్చినవాళ్ళు తెచ్చినవి. పైరంగు చూడొద్దు. పిడి పట్టుకుని మెల్లగా తిప్పాలి. ఒక చుట్టులో ఒకే చోట ప్రతిసారీ అడ్డుపడితే గేరు పన్ను విరిగినట్టు, అది వదిలెయ్యాలి. అన్ని చోట్లా సమానంగా బరువుగా తిరిగితే లోపల గ్రీజు గట్టిపడింది అంతే, అది మంచి బేరం. స్పూల్ పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే కొంచెం కదలాలి, మరీ లొడలొడ ఆడితే షాఫ్టు అరిగింది. స్పూల్ అంచు మీద వేలు తిప్పి చూడాలి. అక్కడ చిన్న గాటు ఉన్నా విసిరినప్పుడు దారం గీసుకుపోతది. దారం పట్టుకునే వంపు తీగ, దాన్ని బెయిల్ అంటారు, అది విరిగిన స్ప్రింగుతో వేలాడుతుంటే భయపడొద్దు. దానికి మందు ఉంది. పైగా అమ్మేవాడు దాన్ని చూసి రేటు తగ్గిస్తాడు.

నేను కొన్నది ఫ్రాన్స్ దేశపు మిచెల్ 300. పిడి ఎడమ పక్కన ఉంటది. కుడిచేత్తో విసిరి, అదే చేత్తో రాడ్డు పట్టుకుని, ఎడమచేత్తో తిప్పాలి. దాని పెట్టె గుడ్డు ఆకారంలో ఉంటది. అది తయారైన క్లూజ్ అనే ఊరు గడియారాల పనికి పేరు పొందిన లోయలో ఉందని తర్వాత తెలిసింది. మూత తెరిస్తే ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తది. పళ్ళన్నీ నున్నగా, ఒకదానికొకటి అతికినట్టు. ఆ తర్వాత నా చేతికి ఆకుపచ్చ రంగు అమెరికా పెన్ రీళ్ళు కొన్ని వచ్చాయి. అవి మొరటువి, బరువైనవి, ఉప్పు గాలిని ఎక్కువ కాలం తట్టుకుంటాయి. మిచెల్ చేతికి ముద్దు, పెన్ సముద్రానికి మొగుడు. రెంటిలో ఒకటే ఉంచుకోమంటే నేను పెన్ ఉంచుకుంటా.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రీలు మన ఇంటి సామానే. నేత తెలిసినవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి. ఆసు పోసేటప్పుడు దారం రాట తిరుగుతూ వదులుతది. పాత రకం గాలం రీలు కూడా అట్లనే, విసిరినప్పుడు చుట్ట తానే గిరగిరా తిరగాలి. బరువు ఆగినా చుట్ట ఆగదు, దారం పిచ్చుకగూడు అయితది. నాడెలో కండె సంగతి వేరు. కండె తిరగదు. దారం కండె కొస మీదుగా జారి, ఉంగరాలు ఉంగరాలుగా బయటికి వస్తది. నాడె ఎంత జోరుగా పోయినా దారం చిక్కుపడదు, నాడె ఆగితే దారం ఆగుతది. స్పిన్నింగ్ రీలు చేసే పని ఇదే. విసిరేటప్పుడు స్పూల్ కదలకుండా ఉంటది, దారం దాని అంచు మీదుగా జారిపోతది. చుట్టేటప్పుడు మాత్రం స్పూల్ చుట్టూ ఒక చక్రం తిరిగి దారం వేస్తది. ఆ సమయంలో స్పూల్ మెల్లగా ముందుకూ వెనక్కూ జరుగుతది, మన రింగ్ ఫ్రేములో రైలు పట్టీ పైకీ కిందికీ పోయి బాబిన్ నింపినట్టే.

ఇది నా ఊహ అనుకునేవాణ్ణి. మా మనవడు ఫోన్‌లో చూసి చదివి చెప్పిండు. ఈ రకం రీలుకు 1905లో పేటెంట్ తీసుకున్నాయన పేరు ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్, అక్కడ మిల్లు నడిపే ఆసామి. మిల్లులో కదురు నుండి దారం జారేది చూసే ఆయనకు ఈ ఉపాయం తట్టిందట. పేటెంటు మిల్లు యజమాని పేరు మీద ఉంది. ఆ కదుళ్ళ ముందర పొద్దంతా నిలబడి తెగిన పోగులు అతికిన వాళ్ళ పేర్లు మనకు తెలవవు. నేను మాత్రం ఆ సంగతి విన్న రోజు నుండి రీలు విప్పితే వేరే దేశపు వస్తువు విప్పినట్టు అనుకోను.

విప్పే కాలం వానకాలం. జూన్ 1 నుండి జూలై 31 దాకా మరపడవలకు సముద్రంలో వేట బంద్. కట్ట మీద కూడా అల ఎప్పుడు లేస్తదో చెప్పలేం, ప్రతి ఏడూ ఎవరో ఒకరు కొట్టుకుపోయిన కబురు వింటాం. అందుకని ఆ రెండు నెలలు, శ్రావణ పున్నమి దాకా, మేము రాళ్ళ మీదికి పోము. ఆ పున్నమి నాడే కోలీలు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చే నారళీ పూర్ణిమ. మన పద్మశాలీలకు అదే నూలి పున్నమి, కొత్త జంధ్యం వేసుకుని మార్కండేయ స్వామి రథం తీసే రోజు. వాళ్ళ పడవలు నీళ్ళలోకి దిగేలోపు మా రీళ్ళు తయారై ఉండాలి.

రూములో చోటు లేదు కాబట్టి నడవలో పాత చాప, దాని మీద తెల్లగుడ్డ. కాగితం వద్దు, స్ప్రింగు ఎగిరి పడితే కాగితం మీద కనపడదు. పక్కన ఒక పళ్ళెం. ముందు స్పూల్ తియ్యాలి, తర్వాత పిడి, తర్వాత పక్క మూత. ఏది ముందు తీస్తే అది పళ్ళెంలో ఎడమ పక్క నుండి వరసగా. ఇప్పటి పిల్లలు ప్రతి అడుగుకూ ఫోన్‌లో ఫొటో తీసుకుంటారు, అది మంచి పద్ధతి. స్క్రూ బిగుసుకుపోతే బలం చూపొద్దు. ఇనుప స్క్రూ అల్యూమినియంలో ఉప్పుతో అతుక్కుపోయి ఉంటది. గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకుని, రెండు చుక్కలు కిరసనాయిల్ వేసి, తల మీద చిన్నగా తట్టి ఒక రాత్రి వదిలెయ్యాలి. తెల్లారి దానంతట అదే తిరుగుతది. మళ్ళీ బిగించేటప్పుడు ఆ మరలకు కొంచెం గ్రీజు రాస్తే ఇగ జన్మలో అతుక్కోదు.

లోపలి గ్రీజు బెల్లం పాకం లెక్క గట్టిపడి ఉంటది. కిరసనాయిల్‌లో నానబెట్టి పాత పళ్ళ బ్రష్షుతో కడగాలి. ఇప్పుడు రేషన్‌లో కిరసనాయిల్ రాక నేను సీసాడు డీజిల్ తెచ్చుకుంటున్నా. పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన. ఇత్తడి గేరుకు పచ్చ చిలుము పడితే చింతపండు పులుసు చాలు, ఇంట్లో బిందెలు తోమినట్టే, తర్వాత మంచినీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాలి. అల్యూమినియం మీద తెల్లటి పిండి లేస్తే గుడ్డను వెనిగర్‌లో ముంచి తుడిచి, వెంటనే కడగాలి. నానబెడితే లోహం తింటది. అంతా ఆరాక గేరు పళ్ళకు పల్చగా గ్రీజు, పడవ ఇంజన్లకు వాడే నీళ్ళకు తట్టుకునే రకం. పెట్టె నిండా కూరిపెట్టడం కొందరికి అలవాటు. దానితో రీలు బరువుగా తిరుగుతది తప్ప లాభం లేదు. బెయిల్ కీళ్ళకూ, దారం దొర్లే చిన్న రోలరుకూ కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్క. కొబ్బరినూనె మాత్రం వెయ్యొద్దు. నెల తిరిగేసరికి బంక అయితది.

ఆ రోలర్ చూడ్డానికి సెనగగింజంత, కానీ దారం తెగేది సగం దాని వల్లనే. అది తిరగకుండా బిగుసుకుంటే దారం ఒకే చోట రాసుకుని గాడి పడుతది, ఆ గాడి దారాన్ని కోస్తది, మెలి కూడా పెడుతది. రింగ్ ఖాతాలో పనిచేసినవాళ్ళకు ట్రావెలర్ గుర్తుండే ఉంటది. రింగు మీద తిరిగే చిన్న కొక్కెం, అది అరిగితే పోగులు టపటపా తెగేవి. ఇదీ అంతే. పాత రీళ్ళలో రోలర్ మెత్తటి లోహం, దాని మీద ఇప్పటి అల్లిక దారం వాడితే తొందరగా గాడి పడుతది. నాగదేవి స్ట్రీట్‌కు పాత రోలర్ తీసుకుపోయి కొలత చూపిస్తే లోపల బుష్ బదులు చిన్న బేరింగ్ ఇస్తారు. మస్జిద్ స్టేషన్ దిగితే ఆ వీధి దగ్గరే. బేరింగులు, స్ప్రింగు తీగ, పనిముట్లు, ఏది కావాలన్నా అక్కడ ఒక సందు ఉంటది. రెండు పైసల స్క్రూ కోసం పోయి పొద్దంతా తిరిగిన రోజులున్నాయి. మా ఆవిడ దాన్ని తీర్థయాత్ర అనేది.

బెయిల్ స్ప్రింగు ఇంట్లో చుట్టుకోవచ్చు. ఒక మిల్లీమీటరు కంటే కొంచెం సన్నటి స్ప్రింగు తీగ తీసుకుని మేకు చుట్టూ చుట్టాలి. వదలగానే చుట్ట విచ్చుకుని పెద్దదైతది, అందుకే కావలసిన దానికంటే సన్నటి మేకు పట్టాలి. తీగను వేడి చెయ్యొద్దు, పొగరు పోతది. చుట్టు ఏ దిక్కు తిరిగిందో పాతదాన్ని చూసి అదే దిక్కు చుట్టాలి. కొసలు ఆకురాయితో నున్నగా చెయ్యాలి.

ఇగ డ్రాగ్. స్పూల్ లోపల వరసగా బిళ్ళలుంటాయి, ఒకటి లోహం, ఒకటి మెత్తటిది, మళ్ళీ లోహం. పైన మర బిగిస్తే అవి ఒత్తుకుని స్పూల్‌ను పట్టి ఉంచుతాయి. పెద్ద చేప గుంజినప్పుడు స్పూల్ జారి దారం ఇవ్వాలి, ఇవ్వకపోతే తెగుతది. ఝటకా లేకుండా మెత్తగా జారడమే డ్రాగ్ మంచితనం. పాత రీళ్ళలో ఆ మెత్తటి బిళ్ళలు ఎండి అట్టముక్కలై ఉంటాయి. నేను వాటిని మిల్లు క్లియరర్ గుడ్డతో కోస్తాను. రింగ్ ఫ్రేములో రోలర్ల మీద పోగుల దుమ్ము పట్టుకోవడానికి చుట్టే ఉన్ని గుడ్డ, గట్టి అల్లిక, ఏళ్ళ తరబడి రాపిడికి తట్టుకునే రకం. మా ఖాతా మూసినప్పుడు భంగార్ లారీలు వచ్చి ఫ్రేములు కోసి ఎత్తుకుపోయాయి. కింద పడ్డ ఒక చుట్ట గుడ్డ అడిగితే కాంట్రాక్టరు మనిషి తీసుకోమన్నడు. పాత బిళ్ళను అచ్చుగా పెట్టి, పెన్సిలుతో గీసి, మొనగల కత్తెరతో కోసి, కొంచెం గ్రీజు పట్టించి పెడితే పట్టులాగా జారుతది. బిగింపు ఎంత ఉండాలంటే, దారం పది కిలోలు ఓర్చేదైతే తూకం కొక్కెం కట్టి గుంజినప్పుడు మూడు కిలోల దగ్గర జారాలి. కట్ట మీద ఎక్కువమంది ఇంతకు రెండింతలు బిగించి, చేప పోయాక దారం కంపెనీని తిడతారు.

దారం నింపడంలో కూడా మిల్లు లెక్కే. స్పూల్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. నిండా పోస్తే ఊడి పడుతది, తక్కువైతే దూరం పోదు. దారం ముందు అంచు వైపు కుప్ప పడుతుంటే స్పూల్ కింద ఒక పల్చటి వాషర్ చేర్చాలి. వెనక వైపు కుప్ప పడుతుంటే ఒకటి తియ్యాలి. ఇంతే. దీనికి కొత్త రీలు కొన్నవాళ్ళను చూసిన. మార్పులు చేర్పులంటే నాకు ఇట్లాంటివే ఇష్టం. పగిలిన ప్లాస్టిక్ పిడి గుండుకు బదులు పాత కండె చెక్క కోసి నున్నగా చేసి వేస్తా. తడిచేతికి జారదు. స్పూల్‌కు బెజ్జాలు కొట్టించి, ఎర్రరంగు పూయించి తెచ్చేవాళ్ళు ఉన్నారు. రంగు కింద తుప్పు దాగుతది, చూసేటోళ్ళకు ముచ్చట అంతే.

పోయిన ఏడాది మా చాల్‌లో కొన్ని బిల్డింగులు ఖాళీ చేసి కొత్త టవర్లలోకి పోయేవాళ్ళు సామాను సర్దుకున్నారు. 160 అడుగుల రూము నుండి 500 అడుగుల ఇంటికి. అందరికీ సంతోషమే, నాకూ సంతోషమే. కానీ ప్రతి నడవలో భంగార్‌వాడి కాటా. ఇత్తడి ఇంత, ఇనుము ఇంత, పాత నాడెలు కట్టెల కింద. మా ఖాతా పక్కన సాంచాల మీద పనిచేసిన అన్న ఒకాయన ఉండేవాడు, సమ్మెలో నా పక్క రాయి మీద కూర్చున్నవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వదినె ఒక గుడ్డసంచి పట్టుకొచ్చింది.

“తమ్మీ, గీ డబ్బకు వాడు ముప్పై రూపాలు ఇస్తనంటుండు. ఇచ్చెయ్యమంటవా?”

విప్పి చూస్తే మిచెల్. పిడి తిరగదు, బెయిల్ వేలాడుతుంది.

“జర ఆగు వదినె. నాకు పదిరోజులు టైం ఇయ్యి.”

“నీకు కావాలంటే ఉంచుకో. మాకెవ్వలికి అక్కరుంది ఇగ?”

“నాకు అద్దు. నా తాన మూడున్నయి. బాగయితే నీ మనవనికి ఇద్దువు.”

మూత తెరిచినప్పుడు లోపల ఒక సంగతి కనిపించింది. వెనక్కి తిరగకుండా ఆపే చిన్న కుక్క ఉంటది, పళ్ళ చక్రంలో పడి టిక్ టిక్ అంటది. దాని స్ప్రింగు ఎప్పుడో విరిగింది. ఆయన దాని బదులు మగ్గం హీల్డ్ తీగ ముక్క వంచి పెట్టిండు. రెండు వంపులు, కొసన ఒక చిన్న కన్ను. కన్ను చూడంగనే అది హీల్డ్ తీగని తెలుస్తది, ఆ కన్నులో నుండే కదా పోగు ఎక్కిస్తాం. ఇన్నేళ్ళయినా పట్టు సడలలేదు. మిగతావన్నీ తీసి కడిగిన, బెయిల్ స్ప్రింగు కొత్తది చుట్టిన, డ్రాగ్ బిళ్ళలు కోసిన. ఆ హీల్డ్ తీగను మాత్రం తుడిచి, ఒక చుక్క నూనె వేసి, ఎక్కడిదక్కడే పెట్టిన. వదినెకు చూపిస్తే కళ్ళద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. సంచి మాత్రం తీసుకపోలేదు, రీలును చేతిలో పట్టుకుని పోయింది.

ఆమె మనవడు కంప్యూటర్ క్లాసులకు పోయే పిల్లగాడు. ఆదివారం వచ్చి, “తాతా, పిడి ఎడమ దిక్కు ఎందుకుంది? రాంగ్ ఫిట్ చేసినవా?” అన్నడు. నవ్వొచ్చింది. కట్టకు తోలుకపోయి చూపించిన. మూడో విసురుకే వాడి దారం నా దారం కంటే దూరం పోయింది. వాడి భుజాలు పడుచువి మరి.

కట్ట ఇప్పుడు పాత కట్ట కాదు. కోస్టల్ రోడ్ కోసం 2018 నుండి ముందర సముద్రం పూడ్చారు, 2024లో రోడ్డు తెరిచారు. మేము కూర్చున్న నల్లరాళ్ళు చాలావరకు దాని కిందికి పోయాయి. కోలీవాడ వాళ్ళు పడవలు పోయే దారి కోసం ఏళ్ళ తరబడి కొట్లాడి, వంతెన స్తంభాల మధ్య దూరం 60 మీటర్ల నుండి 120 మీటర్లకు పెంచుకున్నారు. గాలం వేసేవాళ్ళకు సంఘం లేదు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు చోటు వెతుక్కుంటూ పోవాలి. నీళ్ళు లోతు మారింది, సుడి మారింది. పాతరోజుల్లో ఎక్కడ జెల్లలు పడేవో అక్కడ ఇప్పుడు కార్లు పోతున్నాయి. నాలాంటి ముసలోళ్ళకు ఎక్కువ దూరం విసరడం తప్పనిసరి అయింది, అందుకని రీలు ఇంకా బాగుండాలి.

పోటు పాటు చూసుకునే లెక్క మాత్రం మారలేదు. కోలీల దగ్గర నేర్చుకున్నది. తిథి అంకెకు ముప్పావు కడితే పెద్దపోటు వేళ. అష్టమి అయితే ఎనిమిదికి ముప్పావు, ఆరు గంటలకు. ఏకాదశి అయితే ఎనిమిదింపావుకు. పున్నమి అమాసలకు మధ్యాహ్నం దాటకముందే. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నడుమ దాదాపు పన్నెండున్నర గంటలు. కొన్ని నిమిషాలు అటూ ఇటూ అయినా మనకు చాలు. పోటు ఎక్కే చివరి రెండు గంటలు చేప ఒడ్డుకు వస్తది. పున్నమి అమాసల నాడు నీళ్ళు మరీ జోరు, పిల్లలను తీసుకుపోయేవాళ్ళు ఆ రోజులు తప్పించండి.

ఇంటికొచ్చాక చేసే పని ఇంకొకటి చెప్పి ఆపుతా, ఇది తెలవకనే సగం రీళ్ళు భంగార్‌కు పోతున్నాయి. కడిగే ముందు డ్రాగ్ మర పూర్తిగా బిగించాలి, నీళ్ళు బిళ్ళల్లోకి పోవు. నల్లా కింద జోరుగా పట్టొద్దు, ఉప్పును ఇంకా లోపలికి తోస్తది. చెంబుతో మంచినీళ్ళు మెల్లగా పోసి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. ఆరాక డ్రాగ్ మరను పూర్తిగా వదులు చెయ్యాలి. బిగించి ఉంచితే బిళ్ళలు అణిగి అట్టలవుతాయి.

అట్లయిన బిళ్ళలు ఎవరికైనా మార్చాలంటే రీలు తీసుకుని వానకాలంలో రండి, పైసలు అద్దు. క్లియరర్ గుడ్డ నా దగ్గర ఇంకా జానెడు మిగిలింది. చిన్న బిళ్ళలైతే ఇరవై ముప్పై వస్తాయి.